తిరుపతి, చిత్తూరు నుంచి ఆర్కిటెక్చర్ అవార్డు పోటీకి భవనాన్ని పంపడం ఎలా: సమగ్ర మార్గదర్శి

అవార్డు జ్యూరీ రేణిగుంటలో విమానం దిగి మీ బిల్డింగు చూడటానికి రాదు. చాలా పోటీల్లో వాళ్ల ముందుకు వచ్చేది కొన్ని షీట్లు, పది పన్నెండు ఫోటోలు, ఒక పేజీ రాత. అదీ కుప్పలు తెప్పలుగా వచ్చిన ఎంట్రీల మధ్య, కంప్యూటర్ తెర మీద. మీరు సైట్లో సెంట్రింగు వాళ్లతో పడిన గొడవ, ఓనరును ఒప్పించడానికి తిరిగిన తిరుగుడు వాళ్లకు తెలియదు. షీటులో కనిపించనిది వాళ్ల లెక్కలో కట్టనట్టే. అందుకే ఎంట్రీ తయారీని మిగిలిపోయిన గుమాస్తా పనిలా కాకుండా, అదే భవనాన్ని కాగితం మీద మళ్లీ ఒకసారి డిజైన్ చేసే పనిలా చూడాలి.

మన వైపు ఆఫీసుల్లో "ఇవన్నీ బెంగళూరు, అహ్మదాబాద్ వాళ్లకే వస్తాయి సార్" అనే మాట తరచూ వింటుంటాం. నా అభిప్రాయం వేరు. ఇక్కడి నుంచి వెళ్లే ఎంట్రీలు చాలావరకు బెంగళూరు ఎంట్రీల్లా కనిపించాలని చూస్తాయి, అక్కడే దెబ్బతింటాయి. మన ఎండ, మన యాత్రికులు, మన ఇరుకు స్థలాలు, నవంబరు వానలు, వీటికి మీరు చెప్పిన జవాబు ఇంకెవరి దగ్గరా ఉండదు. ఈ మార్గదర్శి అంతా ఆ జవాబును బయటికి తీసి చూపించడం గురించే.

గడువుకు కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. ఫోటోలకు సరైన ఎండ దొరకాలంటే ఇంకా ముందే.

ఏ భవనాన్ని పంపాలి

ఆఫీసులో అన్నిటికన్నా ఖరీదైన ప్రాజెక్టును పంపాలని అందరికీ అనిపిస్తుంది. ఖరీదుకూ అవార్డుకూ సంబంధం తక్కువ. ప్రముఖ ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి డిజైన్ చేసిన, మధ్యప్రదేశ్ ఇండోర్‌లోని అరణ్య కాలనీకి 1995లో ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది. అది ఎక్కువగా పేదల కోసం వేసిన కాలనీ. చాలా స్థలాల్లో కట్టి ఇచ్చింది పునాది, నీళ్లు, మరుగుదొడ్డి లాంటి కనీస వసతులే. మిగతా ఇల్లు చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఎవరికి వాళ్లు కట్టుకున్నారు. మెచ్చుకున్నది ఎలివేషన్ని (బయటికి కనిపించే ముఖాన్ని) కాదు, ఆలోచనను.

మీ భవనాలన్నిటినీ ఒక ప్రశ్నతో వడపోయండి: ఇక్కడ మామూలుగా అందరూ చేసే పద్ధతి ఏమిటి, మేం ఎక్కడ దానికి భిన్నంగా చేశాం, ఎందుకు? రెండు వాక్యాల్లో జవాబు రాకపోతే ఆ భవనాన్ని పక్కన పెట్టేయండి. రోడ్డు వైపు అల్యూమినియం షీట్లు, రంగు అద్దాలు అతికించిన కమర్షియల్ కాంప్లెక్సుకు ఆ జవాబు దొరకదు. పాత మిద్దె ఇంటిని కూల్చకుండా క్లినిక్కుగా మార్చి ఉంటే దొరుకుతుంది. పలమనేరు దగ్గర పల్లెలో చిన్న అంగన్‌వాడీ కట్టి ఉన్నా దొరుకుతుంది.

చెప్పడానికి వీలుగా ఈ వ్యాసం పొడవునా ఒక ఊహా భవనాన్ని దగ్గర పెట్టుకుందాం. తిరుచానూరు రోడ్డులో, పడమర ముఖం స్థలంలో 18 గదుల యాత్రికుల లాడ్జి. పెద్ద బడ్జెట్ లేదు. గదులకు ముందు, రోడ్డు వైపు, జాలీ గోడ (గాలి, వెలుతురు వచ్చేలా సందులు వదిలి పేర్చిన ఇటుక గోడ) వెనక ఒక వసారా ఉంది. అది ఎందుకుందో రాత దగ్గర చెబుతాను.

వాస్తు గురించి ఒక మాట. జ్యూరీకి నచ్చదేమోనని దాచాల్సిన పని లేదు, మా ప్రత్యేకత ఇదే అని ఎత్తి చూపాల్సిన పనీ లేదు. ఆగ్నేయంలో వంటగది, ఈశాన్యంలో సంపు ఉండాలని ఓనరు పట్టుబట్టారంటే, సెట్‌బ్యాక్ (హద్దుకూ గోడకూ మధ్య వదలాల్సిన ఖాళీ) లాగే అదీ ఒక నిబంధన. ఆ నిబంధనలోపల ఉంటూనే మంచి ప్లాను తెచ్చారా లేదా అన్నదే అసలు విషయం.

ఏ పోటీకి పంపాలి

దేశంలో మొదట చూడాల్సింది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ ఇచ్చే జాతీయ అవార్డులు. 1917లో బొంబాయిలో మూలాలున్న సంస్థ అది. సభ్యత్వం, కేటగిరీల వివరాలు రాష్ట్ర చాప్టర్ ద్వారా తెలుసుకోవచ్చు. జేకే సిమెంట్ వారి ఆర్కిటెక్ట్ ఆఫ్ ది ఇయర్ అవార్డులు 1990 నుంచి ఉన్నాయి. తక్కువ ఖర్చు ఇళ్లు, ప్రభుత్వ గృహనిర్మాణం లాంటి పనులైతే హడ్కో (కేంద్ర ప్రభుత్వ గృహ, పట్టణాభివృద్ధి సంస్థ) డిజైన్ అవార్డుల ప్రకటన మీద కన్నేసి ఉంచండి. పాత కట్టడాన్ని బాగుచేసి వాడుకలోకి తెచ్చినవాళ్లకు, 2000 నుంచి యునెస్కో ఇస్తున్న ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డులు ఉన్నాయి.

విదేశీ పోటీల్లో వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్ 2008లో బార్సిలోనాలో మొదలైంది. దానిలో షార్ట్‌లిస్ట్ అయినవాళ్లు జ్యూరీ ముందు నిలబడి స్వయంగా వివరించాలి. అంటే ఎంట్రీ ఫీజు మాత్రమే కాదు, విమానం టికెట్టూ హోటలూ కూడా లెక్కలో వేసుకోవాలి. 1977లో స్థాపించిన ఆగాఖాన్ అవార్డు మూడేళ్లకోసారి వస్తుంది, నామినేషన్ మీద నడుస్తుంది. షార్ట్‌లిస్టులో ఉన్న భవనాలను నిపుణులు స్వయంగా వచ్చి చూస్తారు. జ్యూరీ రాదని పైన అన్నానే, దానికి ఇదొక మినహాయింపు.

ఇవి కాక ఇన్‌బాక్సులోకి వచ్చిపడే "అభినందనలు, మీ ప్రాజెక్టు ఎంపికైంది" మెయిళ్లు ఉంటాయి. మీరు ఏమీ పంపకుండానే ఎంపికైందంటే దాని అర్థం మీకే తెలుసు. అసలు పోటీని, డబ్బు గుంజే పోటీని వేరు చేయడానికి నేను చూసేవి ఇవి: జ్యూరీ సభ్యుల పేర్లు ముందే ప్రకటించారా? గత విజేతలు ఎందరు? ఒక్కో కేటగిరీలో పదుల మంది గెలిచారంటే అది అవార్డు కాదు, సర్టిఫికెట్ల అంగడి. గెలిచాక ట్రోఫీకి, పుస్తకంలో పేజీకి, గాలా డిన్నరుకు విడిగా డబ్బు కట్టమంటున్నారా? ఇవన్నీ ముందే నిబంధనల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫీజు కట్టే ముందే చదవాలి.

అర్హత దగ్గర మూడు విషయాలు తప్పక సరిచూసుకోండి. మొదటిది పూర్తయిన తేదీ. కొన్ని పోటీలు గత రెండు మూడేళ్లలో పూర్తయినవే తీసుకుంటాయి, కొన్ని కనీసం ఏడాదిపాటు వాడుకలో ఉండాలంటాయి. పూర్తయిన తేదీ అంటే గృహప్రవేశం ముహూర్తమా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తేదీయా? నిబంధనల్లో స్పష్టంగా లేకపోతే నిర్వాహకులకు మెయిల్ పెట్టి, జవాబును దాచుకోండి. రెండోది రిజిస్ట్రేషన్. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అని పెట్టుకోవాలి. మన ఊళ్లలో చాలా భవనాలు సివిల్ ఇంజనీర్ల చేతుల మీదుగా లేస్తాయి. అలాంటప్పుడు డిజైన్ నిజంగా ఎవరిదో వాళ్ల పేరుతోనే వెళ్లాలి. రిజిస్ట్రేషన్ నంబరు కోసం ఇంకొకరి పేరు అరువు తెచ్చుకునే ఆలోచన వద్దు. మూడోది, కట్టినవాటికీ కాగితం మీద ఉన్నవాటికీ కేటగిరీలు వేరు. స్లాబ్ పడి ప్లాస్టరింగ్ ఆగిపోయిన భవనం ఈ రెండిటిలో ఎందులోకీ చక్కగా ఇమడదు. అది పూర్తయ్యాకే పంపడం మేలు.

ఓనరుతో మాట్లాడటం

ఈ మెట్టు దాటేసి ముందుకు పోతే తర్వాత చాలా ఇబ్బంది. ఓనరు రాతపూర్వక అనుమతి చాలా పోటీల్లో అడుగుతారు. అడగకపోయినా తీసుకోవాలి. ఒక పేజీ చాలు: ఫోటోలు తీయవచ్చా, లోపలి గదులు చూపించవచ్చా, ఓనరు పేరు వేయవచ్చా, ఖర్చు చెప్పవచ్చా, ఊరు పేరు వరకేనా లేక వీధి కూడానా.

ఇళ్ల విషయంలో అడ్డు వచ్చేవి రెండు. ఒకటి దిష్టి. "ఇంటి మీద అందరి కళ్లూ పడతాయి నాయనా" అని ఇంట్లో పెద్దావిడ అంటే వాదించకండి. ఊరు పేరు మాత్రమే వేస్తామని, పూజగది, పడకగదులు చూపించబోమని చెబితే చాలామంది మెత్తబడతారు. గుమ్మానికి వేలాడే దిష్టి గుమ్మడికాయను ఫోటో కోసం తీయించవద్దని నా సలహా. ఆ ఇంట్లో మనుషులు ఉంటున్నారని చెప్పే గుర్తు అది. రెండో అడ్డు ఖర్చు. కట్టుబడి ఖర్చు బయటపెట్టడం చాలామందికి ఇష్టం ఉండదు. చదరపు అడుగుకు ఇంత అని మాత్రం చెప్పి, మొత్తం అంకె వదిలేయవచ్చు. ఫారంలో ఆ గడి తప్పనిసరి కాకపోతే ఖాళీగానే ఉంచండి.

ఇంకో విషయం ఎవరూ పైకి మాట్లాడరు. అప్రూవ్ అయిన ప్లానుకూ కట్టినదానికీ తేడా ఉందా? సెట్‌బ్యాక్ మింగేసి, పైన ఒక గది అదనంగా వేసిన భవనం కొలతలతో సహా ప్లానును ప్రపంచానికి చూపిస్తే, అది ఓనరుకు తలనొప్పి కావచ్చు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లేదా మునిసిపాలిటీ అప్రూవల్ కాగితాన్నీ మీ తాజా డ్రాయింగునూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా పెద్దదైతే ఆ భవనాన్ని పంపవద్దు.

క్రెడిట్లు కూడా ఇప్పుడే రాసుకోండి. స్ట్రక్చరల్ ఇంజనీరు, కాంట్రాక్టరు, ఎలక్ట్రికల్, ల్యాండ్‌స్కేప్, ఆఫీసులో డ్రాయింగులు వేసిన జూనియర్లు, రాతిపని లేదా జాలీ పని చేసిన మేస్త్రీలు. ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవాళ్ల పేర్లు మరిచిపోవడం మామూలే. ఫలితాలు వచ్చాక వచ్చే గొడవలు ఎక్కువగా ఇక్కడి నుంచే మొదలవుతాయి.

డ్రాయింగులు: అప్రూవల్ ప్లాను పనికిరాదు

మునిసిపాలిటీకి ఇచ్చిన డ్రాయింగుల పని వేరు. సైటుకు ఇచ్చిన వర్కింగ్ డ్రాయింగుల పని వేరు. జ్యూరీకి ఈ రెండూ అక్కర్లేదు. కట్టిన తర్వాత టేపు పట్టుకుని వెళ్లి ముఖ్యమైన కొలతలు మళ్లీ తీసుకోండి. సైట్లో కిటికీ జరిగి ఉంటుంది, మెట్ల దగ్గర గోడ పోయి ఉంటుంది. ఫోటోలో ఒకటి, ప్లానులో ఒకటి కనిపిస్తే జ్యూరీకి నమ్మకం పోతుంది.

డ్రాయింగు నుంచి తీసేయాల్సినవి: కొలతల గీతలు, పిల్లర్ నంబర్లు, తలుపుల షెడ్యూలు, టైటిల్ బ్లాకు. ఉంచాల్సినవి: ఉత్తర దిక్కు బాణం, గీత రూపంలో స్కేలు, గదుల పేర్లు, మంచాలు బల్లలు లాంటి సామాను. 1:100 అని అంకెల్లో రాయడం దండగ. షీటు సైజు మారగానే, తెర మీద పెద్దది చిన్నది చేయగానే ఆ అంకె అబద్ధమైపోతుంది. పక్కన గీసిన స్కేలు గీత మాత్రం బొమ్మతో పాటే పెరిగి తరుగుతుంది.

సైట్ ప్లానులో మీ స్థలం ఒక్కటే గీసి వదిలేయకండి. పక్క భవనాల గోడలు ఎంత దగ్గరగా ఉన్నాయి, రోడ్డు ఎంత వెడల్పు, చెట్టు ఎక్కడ, డ్రైనేజీ ఎటు పోతుంది, ఇవన్నీ ఉంటేనే మీ నిర్ణయాలకు అర్థం. తిరుపతి మ్యాపులో శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయన్న సంగతి జ్యూరీలో ఎవరికీ తెలియకపోవచ్చు. చిన్న లొకేషన్ మ్యాపు మీద చూపిస్తే, ఉత్తరం వైపు బాల్కనీ ఎందుకు పెట్టారో మాట ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

మీకు ఓపిక ఒక్క డ్రాయింగుకే మిగిలి ఉంటే దాన్ని సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసి లోపల చూపే బొమ్మ) మీద పెట్టండి. ప్లాను గదుల సర్దుబాటు చెబుతుంది. ఎండ, గాలి, వాన, ఎత్తు, మనిషి, ఇవన్నీ ఒకేచోట కనిపించేది సెక్షన్‌లోనే. మన లాడ్జి సంగతే తీసుకోండి. పడమర రోడ్డు నుంచి తూర్పు గోడ దాకా ఒక కోత కోస్తే, జాలీ గోడ, వెనక వసారా, దాని వెనక గది, గదికి అవతల నడవా, నడవా మీద వెలుతురు కోసం వదిలిన సందు, అన్నీ ఒక్క బొమ్మలో వస్తాయి. దాని మీద మే నెల సాయంత్రం నాలుగు గంటల ఎండ గీత ఎక్కడ ఆగుతుందో గీయండి. నవంబరు వాన ఎటు జారి ఏ పైపులో పడి ఏ సంపులోకి పోతుందో ఇంకో రంగులో గీయండి. మనుషుల బొమ్మలు వేసేటప్పుడు ఇంటర్నెట్లో దొరికే కోటు వేసుకున్న విదేశీయుల నీడబొమ్మలు వద్దు. భుజం మీద సంచి, చంకలో చంటిబిడ్డ, గుండు చేయించుకున్న తాతయ్య, మన లాడ్జిలో ఉండేది వాళ్లే కదా.

ఒకటో రెండో డీటెయిల్ డ్రాయింగులు చాలు. జాలీ ఇటుక ఎలా పేర్చారు, రాతి బండ గోడలో ఎలా దిగింది, అంతవరకే. సామగ్రి ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన రాయండి: కుప్పం గ్రానైటు, పలమనేరు టెర్రకోట, కడప బండ, అని ఊరి పేరుతో.

విస్తీర్ణం దగ్గర జాగ్రత్త. మన డాక్యుమెంట్లలో అంకణాలు, సెంట్లు, గజాలు ఉంటాయి. పోటీ ఫారాల్లో చదరపు మీటర్లు అడుగుతారు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, దాదాపు 40.47 చదరపు మీటర్లు. అంకణం లెక్క ఊరికో రకం కాబట్టి దాని నుంచి మార్చకుండా, డ్రాయింగు నుంచే నేరుగా చదరపు మీటర్లు తీయండి.

ఫోటోలు: ఎండను బట్టి నెల, నెలను బట్టి బుకింగ్

మొదటి వడపోతలో భవనం బతికేదీ పోయేదీ ఫోటోల మీదే. ఇక్కడ పొదుపు చేయవద్దు. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు ఎంత మంచివాడైనా ఇది వేరే పని. గోడలు వంగకుండా నిలువుగా రావాలి, లోపలి వెలుతురూ బయటి వెలుతురూ ఒకే ఫోటోలో నిలవాలి. భవనాలు తీసిన అనుభవం ఉన్నవాళ్లను చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఒక రోజుకు పిలిపించడం మంచి ఖర్చే.

ఏ నెలలో పిలవాలి? ఇది మన భవనం ముఖం చూసి చెప్పాలి. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఉత్తర ముఖం ఇంటికి ఎండ బాగా తగిలేది ఆ రోజుల్లోనే, అదీ ఉదయమూ సాయంత్రమూ ఏటవాలుగా. డిసెంబరులో తీస్తే ఆ గోడ రోజంతా నీడలో బూడిద రంగుగా పడుతుంది. దక్షిణ ముఖానికి దీనికి తలకిందులు: డిసెంబరు, జనవరిల్లో రోజు పొడవునా వెలుతురు. పైగా దక్షిణాన నిలబడి ఉత్తరానికి కెమెరా పెడితే, భవనం వెనక కొండ కూడా ఎండలో వెలుగుతూ ఫ్రేములోకి వస్తుంది. వానలు వెళ్లిన కొత్తలో దుమ్ము కడిగేసి ఉంటుంది, కొండ పచ్చగా ఉంటుంది. తూర్పు ముఖానికి ఉదయం, పడమర ముఖానికి సాయంత్రం, ఈ సంగతి అందరికీ తెలిసిందే. మన లాడ్జి జాలీ నీడలు వసారా నేల మీద పరుచుకునేది సాయంత్రమే కాబట్టి ఆ గంటను వేరే దేనికీ కేటాయించకండి.

బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం పెట్టుకోకండి. ఫోటోగ్రాఫరుకు గది దొరకదు, రోడ్డు మీద ట్రైపాడ్ నిలవదు. లాడ్జి రద్దీగా ఉండగా తీయాలనుకుంటే మామూలు వారాంతం చాలు.

డ్రోన్ షాట్ కావాలంటే ముందుగా డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైటు మ్యాపులో మీ స్థలం ఏ జోన్లో పడుతుందో చూడాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్, యెల్లో జోన్లలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. రేణిగుంట విమానాశ్రయం వైపు స్థలాలకు ఈ చిక్కు ఎక్కువ. తిరుమల కొండ మీద డ్రోన్ ఊసే ఎత్తవద్దు, అది నిషేధం. చాలా సందర్భాల్లో ఎదురింటి మేడ మీద నుంచి తీసిన ఫోటో డ్రోన్ ఫోటో కన్నా బాగుంటుంది. ఎదురింటివాళ్లను ముందు రోజే అడిగి పెట్టుకోండి.

ఫోటోల్లో మనుషులు ఉండాలి. నిలబెట్టి నవ్వమన్నవాళ్లు కాదు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నవాళ్లు. ముఖాలు స్పష్టంగా పడితే అనుమతి అడగాలి. కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మరు, పక్కింటి నీళ్ల ట్యాంకు ఫోటోలోంచి చెరిపేయాలని చేయి దురద పెడుతుంది. రంగు, వెలుతురు సరిచేయడం వరకు సరే. ఉన్న వస్తువును లేనట్టు చేయడాన్ని చాలా పోటీలు ఒప్పుకోవు. తీగల మధ్య నిలబడిన మంచి భవనం నిజమైన వీధిలో ఉన్నట్టు కనిపిస్తుంది, దాన్ని అలాగే ఉండనివ్వండి.

చివరగా కాపీరైటు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు. కానీ ఫోటోగ్రాఫర్లు ఇచ్చే ఒప్పందాల్లో దీనికి వ్యతిరేకంగా రాసి ఉండటం మామూలే. అవార్డు ఎంట్రీ, నిర్వాహకుల వెబ్‌సైటు, పుస్తకం, ప్రదర్శన, ఈ నాలుగింటికీ వాడుకునే హక్కు ఉందని కాగితం మీద రాయించుకోండి.

రాత

సాధారణంగా 150 నుంచి 300 పదాలు అడుగుతారు. మన వైపు నుంచి వెళ్లే రాతల్లో తరచూ ఇలాంటిది కనిపిస్తుంది:

"ఆధ్యాత్మికతకూ ఆధునికతకూ వారధిగా నిలిచే ఈ కట్టడం, ప్రకృతితో మమేకమై, యాత్రికులకు మరపురాని అనుభూతిని అందిస్తుంది."

ఈ వాక్యాన్ని కాశీలో ఏ హోటలుకైనా అతికించవచ్చు. ఇప్పుడు అదే లాడ్జి గురించి ఇంకోలా:

"తిరుచానూరు రోడ్డులో పడమర ముఖంగా ఉన్న 18 గదుల లాడ్జి ఇది. ఇక్కడ దిగే యాత్రికులు చాలామంది కొన్ని గంటలే ఉంటారు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, కొండకు వెళ్లిపోతారు. తడిబట్టలు మాత్రం ఫ్యాను రెక్కలకూ మంచం కోళ్లకూ వేలాడుతూ గదంతా చెమ్మ చేస్తాయి. అందుకని పడమటి ఎండ తగిలే ముఖభాగాన్ని గదులకు ఇవ్వకుండా, ఇటుక జాలీ వెనక బట్టలారేసే వసారాగా మార్చాం. ఎండ బట్టలను ఆరబెడుతుంది. గది గోడ నీడలో ఉంటుంది. రోడ్డు మీది నుంచి చూస్తే ఆరేసిన బట్టల రంగులు జాలీలోంచి కనిపిస్తాయి. అదే ఈ భవనం ఎలివేషన్."

రెండో దానిలో పెద్ద మాట ఒక్కటీ లేదు. సమస్య, నిర్ణయం, ఫలితం వరసగా వచ్చాయి. ముందు తెలుగులోనే ఇలా రాసుకోండి, ఎవరికో నోటితో చెబుతున్నట్టు. తర్వాత ఇంగ్లిష్‌లోకి తెచ్చి, భాష బాగా వచ్చినవాళ్లతో చూపించుకోండి. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే చేయి తనంతట తానే పాత ఎంట్రీల్లోని పడికట్టు మాటల వైపు పోతుంది.

"చంద్రగిరి రాజమహల్ స్ఫూర్తితో" అని రాయాలనిపిస్తే, అక్కడి నుంచి ఏం తీసుకున్నారో చెప్పండి. కలప దూలాలు లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన పద్ధతినా? ఎండను లోపలికి రానివ్వని ఆ మందమైన గోడలనా? కేవలం కమాను ఆకారమే తీసుకుని ఉంటే ఆ మాట ఎత్తకపోవడమే మంచిది.

"చల్లగా ఉంటుంది" అన్న మాటకు రుజువు కావాలి. మే నెలలో ఒక వారం, రోజూ ఒకే సమయానికి, గదిలోనూ బయట నీడలోనూ థర్మామీటరు పెట్టి రాసుకోండి. ఏసీ, ఫ్యాన్లు నడిచాయా అన్నదీ పక్కన రాయండి. ఏడాది కరెంటు బిల్లులు, సంపులోకి చేరిన వాన నీళ్లు, ఇవి కూడా పనికొస్తాయి. కొలవనిదాన్ని శాతాల్లో రాయకండి. జ్యూరీలో ఒక్కరైనా "ఎలా కొలిచారు?" అని అడుగుతారు.

షీట్ల కూర్పు

ఎ1 షీటు 594 × 841 మిల్లీమీటర్లు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల లెక్కన) అది 7016 × 9933 పిక్సెళ్లు. ముందు నిబంధనల్లో అడ్డమా నిలువా, ఎన్ని షీట్లు, ఫైలు ఎన్ని ఎంబీలు దాటకూడదు, ఇవి చూసుకుని ఖాళీ షీటు తయారు చేసుకోండి. తెర మీద చూసే పోటీకి ఆర్‌జీబీ రంగులు, ప్రింటు వేసే ప్రదర్శనకు సీఎంవైకే. ఇటుక ఎరుపు ప్రింటులో మట్టిరంగుకు దిగిపోతుంది కాబట్టి ఒకసారి ఎ3 మీద వేయించి చూడాలి. ఫ్లెక్సీ షాపులో కాదు, మంచి కాగితం మీద.

మొదటి షీటులో ఒక పెద్ద ఫోటో, ఒక సెక్షన్, మూడు నాలుగు వాక్యాలు. అంతే. షీటును తెర మీద అరచేతి సైజుకు తగ్గించి చూడండి. అప్పటికీ ఏదో ఒకటి కంటికి తగిలితే సరే, అన్నీ కలిసి ముద్దగా కనిపిస్తే సగం తీసేయండి. తీసేయడానికి మనసు రాదు, తెలుసు. ఆఫీసుతో సంబంధం లేని స్నేహితుడికి చూపించి ఏం అర్థమైందో చెప్పమనండి. వసారా సంగతి అతను తనంతట తాను చెప్పలేకపోతే షీటు ఇంకా అవ్వలేదు.

పేర్లు లేకుండా పంపాలన్న నిబంధన ఉంటే, షీటు మీద పేరు తీసేస్తే సరిపోదు. ఫైలు పేరులో, పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో, ఫోటో మూలన ఉన్న వాటర్‌మార్కులో, ఫోటోలో పడిన సైట్ బోర్డులో కూడా మీ ఆఫీసు పేరు ఉండకూడదు. ఆ చివరిది చాలామందికి తట్టదు.

అప్‌లోడ్

గడువు ఏ దేశం టైము అన్నది చూసుకోండి. లండన్ టైము రాత్రి 11:59 అంటే మామూలుగా మనకు మర్నాడు ఉదయం 5:29. అక్కడ వేసవి సమయం నడుస్తుంటే ఉదయం 4:29. ఆ గంట తేడా మీద ఆధారపడేంత దగ్గరికి తెచ్చుకోకుండా రెండు రోజుల ముందే పంపేస్తే టెన్షన్ ఉండదు. చివరి రోజు సర్వర్లు మొరాయిస్తాయి, మన వైపు కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు.

విదేశీ ఫీజుకు కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ముందే ఆన్ చేయించుకోవాలి, బ్యాంకు వేసే కరెన్సీ మార్పిడి చార్జీ కలుపుకోవాలి. దేశీయ పోటీల్లో ఫీజు మీద జీఎస్టీ ఉంటే ఆఫీసు జీఎస్టీ నంబరుతో ఇన్‌వాయిసు అడగండి. అప్‌లోడ్ అయ్యాక అదే సైటు నుంచి ఫైలును మళ్లీ దింపుకుని తెరిచి చూడండి. రసీదు మెయిలు, ఎంట్రీ నంబరు, తెర ఫోటో, మూడూ ఒక ఫోల్డరులో.

షార్ట్‌లిస్ట్ అయ్యాక

ఇక్కడి నుంచి ప్రశ్నలు మారతాయి. ఎంత ఖర్చయింది, ఎవరు శుభ్రం చేస్తున్నారు, ఏది అనుకున్నట్టు పనిచేయలేదు, మళ్లీ కడితే ఏం మారుస్తారు. జాలీలో దుమ్ము పేరుకుంటుందా, పావురాలు గూళ్లు పెడుతున్నాయా అని తప్పక అడుగుతారు. అన్నీ బాగున్నాయంటే నమ్మరు. "పావురాలు వచ్చాయి, రెండో అంతస్తులో లోపలి వైపు వల కట్టాం" అని ఉన్నది చెబితే, ఆ భవనాన్ని మీరు తర్వాత కూడా వెళ్లి చూస్తున్నారని వాళ్లకు అర్థమవుతుంది.

చూడటానికి మనిషి వస్తున్నారంటే గోడలకు కొత్త రంగు కొట్టించే తొందర వద్దు. లీకేజీలు, విరిగిన కుళాయిలు, వెలగని లైట్లు సరిచేయించండి, చాలు. ఓనరుకూ మేనేజరుకూ ముందే చెప్పి ఉంచండి, కానీ ఏం మాట్లాడాలో నేర్పించకండి. వచ్చినవాళ్లు మీరు పక్కన లేనప్పుడు గదులు ఊడ్చే అమ్మాయిని అడుగుతారు, ఆమె చెప్పిందే రాసుకుంటారు.

స్వయంగా ప్రజెంటేషన్ ఇవ్వాల్సి వస్తే ఇచ్చిన సమయంలో ముప్పావు వంతుకే సరిపడా తయారుచేసుకోండి, మిగతాది ప్రశ్నలకు. ఇంగ్లిష్ తడబడుతుందని ఆఫీసులో ఇంకొకరిని పంపే ఆలోచన కన్నా, డిజైన్ చేసినవాళ్లే చిన్న చిన్న వాక్యాల్లో చెప్పడం మంచిది.

ఫలితం తర్వాత

గెలిస్తే ప్రకటన ఎలా ఇవ్వాలో నిర్వాహకులు చెబుతారు, వాళ్లు చెప్పిన తేదీ దాకా బయట పెట్టకూడదు. ఆర్కిటెక్టులకు 1989 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనలు ఉన్నాయి. వృత్తి సేవలకు ప్రకటనలు ఇచ్చుకోవడం మీద వాటిలో పరిమితులు ఉన్నాయి కాబట్టి, ఫలానా భవనానికి ఫలానా అవార్డు వచ్చిందన్న వార్త వరకు ఆగండి. అలిపిరి రోడ్డులో హోర్డింగు పెట్టిస్తానని ఓనరు ఉత్సాహపడితే మీరే వద్దనాలి.

రాకపోతే, జ్యూరీ వ్యాఖ్యలు ఇస్తారేమో అడగండి. కొన్ని పోటీలు ఇస్తాయి. గెలిచిన ఎంట్రీల షీట్లు ప్రచురిస్తే దింపుకుని, మీ షీటు పక్కన పెట్టి చూడండి. అదే భవనాన్ని ఇంకో పోటీకి పంపడంలో తప్పేమీ లేదు, వేరే చోట పోటీలో ఉన్నది తీసుకోబోమని నిబంధన ఉంటే తప్ప. పూర్తయిన తేదీ ఇంకా ఏయే పోటీల గడువు లోపల ఉందో క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఉత్తర ముఖం భవనమైతే మే నెలకు ఫోటోగ్రాఫరును ఇప్పుడే అడిగి పెట్టుకోండి.